నౌన్ ఏ రకమో తేల్చుకునే చిన్న పరీక్ష

ఇంగ్లిష్ గ్రామర్‌లో కామన్ (ఒక రకానికంతటికీ చెందే పేరు), ప్రాపర్ (ఒక్కదానికే పెట్టిన పేరు), కలెక్టివ్ (గుంపును చెప్పే పేరు) నౌన్ల నిర్వచనాలు గడగడా అప్పజెప్పే పిల్లలు కూడా వాక్యంలో పదం ఎదురయ్యేసరికి ఏ రకమో తేల్చలేక తికమకపడుతుంటారు. విజయనగరంలో మా పిల్లల హోంవర్కు దగ్గర ఈ పద్ధతి బాగా పనికివచ్చింది.

పదానికి ముందు ‘ఎ’ గానీ ‘యాన్’ గానీ పెట్టి చదివించాలి. ‘ఎ రివర్’, ‘ఎ ఫోర్ట్’ కుదురుతాయి కాబట్టి అవి కామన్ నౌన్లు. ‘ఎ నాగావళి’, ‘ఎ బొబ్బిలి’ అని ఎవరూ అనరు కాబట్టి అవి ప్రాపర్ నౌన్లు, వాక్యం మధ్యలో వచ్చినా వాటి మొదటి అక్షరం క్యాపిటల్‌లోనే ఉండాలి. (‘నాగావళి రివర్’ అని రాస్తే రివర్ కూడా పేరులో భాగమే, దానికీ క్యాపిటలే.)

‘ఎ’ కుదిరిన పదానికి ‘ఆఫ్’ను, ఒక బహువచనాన్ని చేర్చి చూడాలి. తేలినీలాపురం చెట్లపై వాలే వలస పక్షులను ‘ఎ ఫ్లాక్ ఆఫ్ బర్డ్స్’ అంటాము. పక్షులన్నీ ఎగిరిపోతే ఫ్లాక్ కూడా మిగలదు కనుక అది కలెక్టివ్ నౌన్. ‘ఎ బాస్కెట్ ఆఫ్ మ్యాంగోస్’లో మామిడిపళ్లు తీసేసినా బుట్ట బుట్టగానే ఉంటుంది కనుక అది కాదు.

వాటర్, రైస్ వంటి పదార్థాల పేర్ల దగ్గర మాత్రం ఈ పరీక్ష పనిచేయదు. ‘ఎ’ కుదరనంత మాత్రాన వాటిని ప్రాపర్ నౌన్లుగా రాయకూడదు.