పంపిన వెబ్ పేజీ అవతలి కంప్యూటర్‌లో తెరుచుకోకపోతే...

"నా దగ్గర బాగానే ఉంది, నీ దగ్గరే ఏదో తేడా." వెబ్ పేజీ ఫైళ్లు ఇంకొకరికి పంపినవాళ్లు ఒక్కసారైనా ఈ మాట అని ఉంటారు. నేనూ అన్నాను. ఆ రోజు గంటసేపు ఫోన్‌లోనే ఉండి మా ఫ్రెండ్ చేత యాంటీవైరస్ ఆపించాను, ఫైర్‌వాల్ ఆపించాను, బ్రౌజర్ కూడా మార్పించాను. చివరికి తేలిందేమిటంటే, అతను జిప్ ఫైలు విప్పకుండానే దాని లోపలున్న పేజీ మీద క్లిక్ చేస్తున్నాడు. పాపం సెక్యూరిటీకి ఆ గొడవతో సంబంధమే లేదు.

అప్పటినుంచి ఏదైనా ఆపేయమని చెప్పేముందు ఫైలు ఎక్కడ ఆగిందో చూస్తున్నాను. మెయిల్ ఆపిందా, దిగాక విండోస్ ఆపిందా, తెరిచాక బ్రౌజర్ ఆపిందా? మూడింటికీ మందు వేరు. కింద ఒక్కో సమస్యనూ అవతలివాళ్లు ఫోన్‌లో చెప్పే మాటలతోనే మొదలుపెట్టాను.

"మెయిల్ వెళ్లడం లేదు, సెక్యూరిటీ కారణాలతో ఆపేశామంటోంది"

నూటికి తొంభై సార్లు దోషి హెచ్‌టీఎంఎల్, అంటే పేజీ ఫైలు కాదు, పక్కనున్న జేఎస్, అంటే పేజీని కదిలించే జావాస్క్రిప్ట్ ఫైలు. జావాస్క్రిప్ట్ బ్రౌజర్‌లో నడిచినంతసేపూ దాని చుట్టూ గోడలుంటాయి, మీ ఫైళ్ల జోలికి రాలేదు. కానీ విండోస్‌లో జేఎస్ ఫైలు మీద నేరుగా డబుల్ క్లిక్ చేస్తే, మామూలుగా అది బ్రౌజర్‌లో తెరుచుకోదు. విండోస్ స్క్రిప్ట్ హోస్ట్ అనే భాగం దాన్ని మామూలు ప్రోగ్రాములా నడిపేస్తుంది. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్‌లను ఈ దారిలో చాలానే పంపారు. అందుకే జీమెయిల్ 2017 ఫిబ్రవరి నుంచి జేఎస్ అటాచ్‌మెంట్లను తీసుకోవడం లేదు.

జిప్ చేస్తే సరిపోతుందనుకోకండి, జీమెయిల్ జిప్ లోపలకి కూడా తొంగి చూస్తుంది. పాస్‌వర్డ్ పెట్టినా లాభం లేదు, ఎందుకంటే మామూలు జిప్‌లో పాస్‌వర్డ్ ఫైలులోని విషయాన్నే దాస్తుంది, ఫైళ్ల పేర్లు బయటికి కనిపిస్తూనే ఉంటాయి. జేఎస్ పేరును టీఎక్స్‌టీగా మార్చి పంపమని కొందరు చెబుతారు. అది వెళ్తుంది గానీ, అవతల మళ్లీ మార్చుకోవాలి. విండోస్ ఫైలు పేర్ల చివరి ముక్కను దాచి ఉంచుతుంది కాబట్టి అక్కడ ఇంకో గందరగోళం మొదలవుతుంది. నా మటుకు నేను ఆ పని చేయను.

ఫోల్డర్ మొత్తాన్ని జిప్ చేసి గూగుల్ డ్రైవ్‌లో గానీ వన్‌డ్రైవ్‌లో గానీ పెట్టి లింకు పంపడమే సులువు. జీమెయిల్ 25 ఎంబీ పరిమితి కూడా అప్పుడు అడ్డు రాదు. స్క్రిప్టు చిన్నదే అయితే దాన్ని హెచ్‌టీఎంఎల్‌లోనే స్క్రిప్ట్ ట్యాగుల మధ్య పెట్టేసి ఒకే ఫైలుగా పంపొచ్చు. కాకపోతే ఆఫీసు మెయిళ్లు హెచ్‌టీఎంఎల్ అటాచ్‌మెంట్‌ను కూడా అనుమానిస్తాయి. దొంగ లాగిన్ పేజీలు అలాగే వస్తుంటాయి మరి.

"లింకు తెరిస్తే పేజీ రాలేదు, కోడ్ కనిపిస్తోంది"

డ్రైవ్ దాచుకునే చోటు మాత్రమే, పేజీని నడిపి చూపించదు. ఒకప్పుడు ఆ సదుపాయం ఉండేది, 2016 ఆగస్టు 31తో గూగుల్ ఆపేసింది. డౌన్‌లోడ్ చేసుకుని తెరవమనండి. "అనుమతి కావాలి" అని వస్తే షేరింగ్‌లో అవతలివారి మెయిల్ ఐడీ చేర్చండి, అంతే.

"పేజీ వచ్చింది గానీ రంగుల్లేవు, బొమ్మల్లేవు"

జనం సెక్యూరిటీని ఎక్కువగా తిట్టుకునేది ఇక్కడే. నిజానికి దాని తప్పు తక్కువగా ఉండేదీ ఇక్కడే.

మొదట అడగాల్సింది: "జిప్ ఎక్స్‌ట్రాక్ట్ చేశావా?" విండోస్‌లో జిప్‌ను డబుల్ క్లిక్ చేస్తే మామూలు ఫోల్డర్‌లాగే తెరుచుకుంటుంది. లోపలి పేజీని నొక్కితే విండోస్ ఆ ఒక్క ఫైలునే ఒక తాత్కాలిక ఫోల్డర్‌లోకి తీసి బ్రౌజర్‌కు ఇస్తుంది. పక్కనుండాల్సిన స్టైల్ ఫైలు, బొమ్మలు జిప్‌లోనే ఉండిపోతాయి. అడ్రస్ బార్‌లో టెంప్ అనే మాట కనిపిస్తే జరిగింది ఇదే. జిప్ మీద రైట్ క్లిక్ చేసి ఎక్స్‌ట్రాక్ట్ ఆల్ నొక్కి, విడిగా వచ్చిన ఫోల్డర్‌లోంచి తెరవమనండి.

రెండోది, ఎక్కడో చూసిన పేజీని బ్రౌజర్‌లో సేవ్ చేసి పంపడం. "వెబ్‌పేజ్, కంప్లీట్" అని సేవ్ చేస్తే హెచ్‌టీఎంఎల్‌తో పాటు అదే పేరుతో, చివర "ఫైల్స్" అనే మాటతో ఇంకో ఫోల్డర్ వస్తుంది. హడావిడిలో పేజీ ఒక్కటే పంపేస్తాం. రెండూ కలిపి పంపాలి, లేదా సేవ్ చేసేటప్పుడే "సింగిల్ ఫైల్" ఎంచుకోవాలి. క్రోమ్, ఎడ్జ్ రెండింటిలోనూ ఆ ఎంపిక ఉంది. అన్నీ ఒకే ఎంహెచ్‌టీఎంఎల్ ఫైలులో ఇమిడిపోతాయి.

మూడోది మీ కోడ్‌లోనే ఉంటుంది. బొమ్మ దారి సీ డ్రైవ్, యూజర్స్, మీ పేరు, డెస్క్‌టాప్ అంటూ మొదలైతే అది మీ కంప్యూటర్‌లోనే ఉన్న దారి. మీ దగ్గర అద్భుతంగా కనిపిస్తుంది, ఇంకెక్కడా కనిపించదు. పేజీ ఉన్న ఫోల్డర్ నుంచి లెక్కేసి, ఇమేజెస్ ఫోల్డర్‌లో ఫలానా బొమ్మ అన్నట్టుగా రాయండి. మధ్యలో వెనక్కి వాలిన గీత కాకుండా ముందుకు వాలిన గీత వాడండి. పంపేముందు ఆ ఫోల్డర్‌ను మీ కంప్యూటర్‌లోనే ఇంకో చోటికి కాపీ చేసి, పాత ఫోల్డర్ పేరు కాసేపు మార్చి తెరిచి చూడండి. రెండు నిమిషాల పని, బోలెడు ఫోన్ కాల్స్ మిగులుతాయి.

"విండోస్ ఏదో హెచ్చరిక చూపిస్తోంది"

నెట్ నుంచి దిగిన ఫైలుకు విండోస్ ఒక గుర్తు తగిలిస్తుంది. జోన్ ఐడెంటిఫైయర్ అనే ఆ చిన్న సమాచారం ఫైలు వెనక దాగి ఉంటుంది. జిప్‌కు ఆ గుర్తు ఉంటే, విండోస్‌తోనే విప్పినప్పుడు లోపలి ఫైళ్లకూ అంటుతుంది. హెచ్‌టీఎంఎల్ పేజీకి దీనితో పెద్దగా ఇబ్బంది ఉండదు. ఫోల్డర్‌లోని బ్యాచ్ ఫైలు (విండోస్ ఆదేశాల జాబితా) నడిపితే హెచ్చరిక వస్తుంది, సీహెచ్‌ఎం రకం సహాయ ఫైలైతే ఖాళీ పేజీ చూపించి ఊరుకుంటుంది.

పంపింది మీరేనని అవతలివారికి రూఢి అయ్యాక, జిప్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో కింద ఉన్న అన్‌బ్లాక్ అనే గడిలో టిక్ పెట్టి ఓకే నొక్కాలి, ఆ తర్వాతే విప్పాలి. ముందే విప్పేస్తే ఒక్కో ఫైలుకూ విడివిడిగా చేయాల్సి వస్తుంది. ఎఫ్‌ఏటీ32 ఫార్మాట్‌లో ఉన్న పెన్‌డ్రైవ్‌లో ఈ గుర్తు నిలవదు. మెయిల్‌లో వస్తే అరిచిన ఫైలు పెన్‌డ్రైవ్‌లో వస్తే అరవకపోవడానికి అదో కారణం.

"అంతా కనిపిస్తోంది, కానీ డేటా రావడం లేదు"

ఇది అసలైన సెక్యూరిటీ అడ్డు. పేజీ అందంగా తెరుచుకుంటుంది, పట్టిక ఖాళీగా ఉంటుంది, బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ ఉండదు. ఎఫ్12 నొక్కి కన్సోల్ చూడమనండి. ఎర్ర అక్షరాల్లో సీఓఆర్‌ఎస్ (ఒక చోటి పేజీ ఇంకో చోటి డేటా చదవొచ్చా అనే బ్రౌజర్ నియమం) అనే మాట కనిపిస్తే కారణం దొరికినట్టే.

ఫైలును నేరుగా తెరిచినప్పుడు అడ్రస్ హెచ్‌టీటీపీతో కాకుండా "ఫైల్" అనే మాటతో మొదలవుతుంది. అలా తెరిచిన ప్రతి ఫైలునూ బ్రౌజర్ ఒంటరి ద్వీపంలా చూస్తుంది. పక్క ఫైలును ఫెచ్‌తో, అంటే డేటా తెచ్చే జావాస్క్రిప్ట్ ఆదేశంతో చదవనివ్వదు. మాడ్యూల్ రకం స్క్రిప్టులనూ దించుకోనివ్వదు. క్రోమ్ పద్ధతి చాలా ఏళ్లుగా ఇదే. ఫైర్‌ఫాక్స్ ఒకే ఫోల్డర్‌లోని ఫైళ్లను చదవనిచ్చేది, 2019లో వచ్చిన 68వ వెర్షన్‌తో అదీ ఆపేసింది. ఆపకపోతే ఏమవుతుందో ఆలోచించండి. ఎవరో పంపిన పేజీని డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో తెరిస్తే, అది పక్కనున్న మీ బ్యాంకు స్టేట్‌మెంట్ చదివి ఎక్కడికో పంపేయొచ్చు.

మరి మీ దగ్గర ఎందుకు నడిచింది? మీరు కోడ్ రాసుకునే వీఎస్ కోడ్‌లో లైవ్ సర్వర్‌తో చూసి ఉంటారు, అది మీ కంప్యూటర్‌లోనే పేజీని వెబ్‌సైట్‌లా వడ్డిస్తుంది. అడ్రస్‌లో లోకల్‌హోస్ట్ గానీ 127.0.0.1 గానీ, పక్కన 5500 గానీ ఉంటే అదే సంగతి. అవతల కూడా అలాంటి చిన్న సర్వర్ పెట్టుకోవాలి. పైథాన్ ఉంటే చాలు. ఫోల్డర్ తెరిచి, పైన అడ్రస్ గడిలో సీఎండీ అని కొట్టి ఎంటర్ నొక్కితే నల్ల తెర అక్కడే తెరుచుకుంటుంది. అందులో కొట్టాల్సింది ఫోన్‌లో చెప్పినట్టే చెబుతాను: పైథాన్, ఖాళీ, హైఫన్ ఎం, ఖాళీ, హెచ్‌టీటీపీ చుక్క సర్వర్, ఖాళీ, 8000. అన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాలే. ఆ తర్వాత బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్, కోలన్, 8000.

అవతలివారికి ఇదంతా తలనొప్పి అనిపిస్తే మీరే దిగిరండి. డేటాను విడి జేసన్ (డేటా మాత్రమే ఉండే) ఫైలులో కాకుండా మామూలు స్క్రిప్టు ఫైలులో ఒక వేరియబుల్‌గా పెట్టి, పేజీకి స్క్రిప్ట్ ట్యాగుతో జోడించండి. అలా చేస్తే డబుల్ క్లిక్‌తోనే నడుస్తుంది. క్రోమ్‌ను సెక్యూరిటీ లేకుండా తెరిచే చిట్కా ఒకటి తిరుగుతుంటుంది. ఆ కిటికీలో పొరపాటున వేరే సైట్లు తెరిస్తే వాటి మధ్య గోడ ఉండదు. ఇంకొకరి కంప్యూటర్‌లో ఆ పని అస్సలు చేయించకండి.

"ఒకే వైఫైలో ఉన్నాం, నువ్వు చెప్పిన అడ్రస్ కొడితే రావడం లేదు"

చెప్పింది లోకల్‌హోస్ట్ అనే అయితే, అది ఎవరు కొడితే వారి కంప్యూటరే. నల్ల తెరలో ఐపీకాన్ఫిగ్ అని కొట్టి, ఐపీవీ4 అని ఉన్నచోట కనిపించే అంకెలు ఇవ్వండి. ఇళ్లలో తరచుగా అవి 192.168తో మొదలవుతాయి. అయినా రాకపోతే ఫైర్‌వాల్ చూడాలి. పైథాన్ సర్వర్ మొదటిసారి నడిపినప్పుడు విండోస్ అనుమతి అడుగుతుంది. టెన్షన్‌లో క్యాన్సిల్ కొట్టేస్తే అది గుర్తుపెట్టుకుని ఎప్పటికీ ఆపుతూనే ఉంటుంది. ఫైర్‌వాల్ సెట్టింగ్స్‌లో "అలౌ యాన్ యాప్" జాబితాలో పైథాన్‌కు ప్రైవేట్ కింద మాత్రమే టిక్ పెట్టండి. మీ వైఫై కూడా విండోస్‌లో ప్రైవేట్‌గా ఉండాలి. మొత్తం ఫైర్‌వాల్ ఆపక్కర్లేదు. గెస్ట్ వైఫై అయితే రౌటరే పరికరాలను ఒకదానికొకటి కనిపించనివ్వకపోవచ్చు. అప్పుడు మామూలు వైఫైకి మారాలి.

ఒక జాగ్రత్త. ఈ సర్వర్ నడిపిన ఫోల్డర్‌లోని ప్రతి ఫైలూ ఆ వైఫైలో ఉన్నవాళ్లందరికీ అందుతుంది. డాక్యుమెంట్స్‌లో నిలబడి నడపకండి. పని అయ్యాక కంట్రోల్ సీ నొక్కి ఆపేయండి.

"ఫోన్‌లో చూస్తున్నా, అస్సలు బాగాలేదు"

ఫోన్‌లో హెచ్‌టీఎంఎల్ ఫైలును నొక్కితే తరచుగా ఆ ఒక్క ఫైలుకే అనుమతి వస్తుంది, పక్కనున్న స్టైల్, బొమ్మలు బ్రౌజర్‌కు అందవు. ఒకే ఫైలుగా చేసి పంపండి, లేదా నెట్‌లో పెట్టి లింకు ఇవ్వండి.

"ఆఫీసు కంప్యూటర్, పెన్‌డ్రైవ్ కూడా తీసుకోవడం లేదు"

అక్కడ ఆగండి. ఆ తాళం ఆ కంపెనీ వేసుకున్నది, దాన్ని తప్పించే చిట్కా నేను చెప్పను. మీ పేజీ చూడబోతే వాళ్ల ఉద్యోగానికి ముప్పు రాకూడదు. ఇంటి కంప్యూటర్‌లో చూడమనండి, పని విషయమే అయితే ఐటీ వాళ్లను అడగమనండి.

ఏదీ కుదరకపోతే

పేజీలను నెట్‌లో ఉంచే గిట్‌హబ్ పేజెస్‌లో పెట్టేయండి. పబ్లిక్ రిపాజిటరీకి (అందరికీ కనిపించే ఫోల్డర్ లాంటిది) ఉచితం, అవతలివారు లింకు నొక్కితే చాలు. మొదటి పేజీ పేరు ఇండెక్స్ అని చిన్న అక్షరాల్లో ఉండాలి. విండోస్ పెద్ద, చిన్న అక్షరాల తేడా పట్టించుకోదు గానీ అక్కడ ఆ తేడా ఉంటుంది, అందుకే ఇంతకాలం కనిపించిన బొమ్మ అక్కడ మాయమైపోవచ్చు. ఇంకొకటి, అక్కడ పేజీ హెచ్‌టీటీపీఎస్‌లో నడుస్తుంది. మీ కోడ్‌లో ఏదైనా స్క్రిప్టును పాత హెచ్‌టీటీపీ లింకుతో పిలిస్తే బ్రౌజర్ దాన్ని ఆపేస్తుంది, ఆ లింకులో ఎస్ చేర్చి చూడండి.

పెట్టేముందు కోడ్‌లో పాస్‌వర్డ్ గానీ ఏపీఐ కీ (వేరే సేవను వాడుకోవడానికి ఇచ్చే రహస్య కోడ్) గానీ ఉందేమో వెతకండి, అక్కడ అందరూ చదవగలరు. పొరపాటున వెళ్లిపోతే ఫైలు తీసేసినా పాత వెర్షన్లలో అలాగే ఉంటుంది. ఆ కీని వెంటనే రద్దు చేసి కొత్తది తీసుకోవాల్సిందే.