డేనిష్ పదాలను అంశాలవారీగా నేర్చుకోవడం ఎలా?

డేనిష్ నేర్పే పుస్తకాలు చాలావాటిలో ఒక పేజీ నిండా రంగులు, ఇంకో పేజీ నిండా పళ్లు, మరో పేజీలో వారాల పేర్లు ఉంటాయి. చూడ్డానికి పద్ధతిగా ఉంటుంది గానీ బుర్రకెక్కదు. ఒకే కోవకు చెందిన కొత్త పదాలను ఒక్కసారే నేర్చుకుంటే అవి ఒకదానితో ఒకటి కలిసిపోతాయని 1993లో టింకమ్, 1997లో వారింగ్ చేసిన ప్రయోగాల్లో తేలింది. టీర్స్‌డ మంగళవారం, టోర్స్‌డ గురువారం. రెండూ ఒకే రోజు చదివితే ఏది ఏదో తేల్చుకోవడానికే వారం పడుతుంది.

అందుకే అంశం అంటే జాబితా అనుకోకుండా ఒక పని అనుకోండి. 'ఆహార పదార్థాలు' అంశం కాదు, 'సూపర్‌మార్కెట్‌లో పాలు కొనడం' అంశం.

1. వారానికి ఒక పని, 12 నుంచి 15 పదాలు

ఏడెనిమిది వస్తువుల పేర్లు, మూడు క్రియలు, రెండు మూడు పూర్తి వాక్యాలు చాలు. అంతకు మించితే వారాంతానికి సగం జారిపోతాయి.

డెన్మార్క్‌లో ఉంటున్నవాళ్లు దుకాణంతో మొదలుపెట్టడం మంచిది, ఎలాగూ రోజూ వెళ్లేదే. కాసె అంటే డబ్బు కట్టే కౌంటర్, పోసె అంటే సంచి, టెల్‌బుల్ అంటే ఆఫర్. పాంట్ అంటే సీసాకీ డబ్బాకీ ముందే కట్టించుకునే డిపాజిట్. సీసా మీది గుర్తు ఏ అయితే 1 క్రోన్ (డెన్మార్క్ డబ్బు), బి అయితే 1.50, సి అయితే 3 క్రోన్లు, ఖాళీది మెషిన్‌లో వేస్తే తిరిగొస్తాయి.

పాల అర దగ్గర కాస్త నిదానించాలి. సోల్‌మెల్క్ అంటే మాటకి తీపి పాలు, కానీ చక్కెర ఉండదు. 3.5 శాతం కొవ్వున్న మామూలు చిక్కటి పాలు అవి. లెట్‌మెల్క్‌లో కొవ్వు 1.5 శాతం. కేర్నెమెల్క్ మాత్రం మజ్జిగ, పాలనుకుని వేడి కాఫీలో పోస్తే విరిగిపోతుంది. పెరుగన్నానికైతే నాతురెల్ అని రాసి ఉన్న యోగుర్ట్ తీసుకోండి, మిగతావి చాలావరకు పళ్ల రుచులవి.

వాక్యాలు కూడా ఇక్కడివే ఎంచుకోండి. కౌంటర్ దగ్గర 'వెల్ డు హా క్విటెరింగెన్?' అంటే రసీదు కావాలా అని. యా తాక్ (అవును, థాంక్స్), నై తాక్ (వద్దు, థాంక్స్) అంటే సరిపోతుంది. మాట్లాడేటప్పుడు 'దయచేసి' అనడానికి డేనిష్‌లో మామూలుగా విడి మాట వాడరు, ఆ మర్యాద ఎక్కువగా తాక్‌లోనే ఉంటుంది. 'యై వెల్ గేర్నె హా' అని ఆ వెనకే వస్తువు పేరు చెబితే 'నాకు ఫలానాది కావాలి' అన్నట్టు.

2. లింగంతో సహా రాసుకోండి

ప్రతి నామవాచకం ముందు 'ఒక' అనే అర్థంలో, దాని లింగాన్ని బట్టి ఎన్ గానీ ఎట్ గానీ వస్తుంది. సుమారు ముప్పావు వంతు ఎన్ పదాలే, కాబట్టి గుర్తురానప్పుడు ఎన్ అనేయండి. 'ఆ ఫలానా' అని చెప్పాలంటే అదే ముక్క పదం చివర చేరుతుంది: ఎన్ పోసె కాస్తా పోసెన్ అవుతుంది. ఎట్ స్కేబ్ (అలమర) స్కేబెల్ అవుతుంది, చివర చేరిన ఎట్ మన చెవికి 'ఎల్' లాగా వినిపిస్తుంది. సమాసాల్లో చివరి పదం లింగమే మొత్తానికీ వర్తిస్తుంది. స్కేబ్ ఎట్ పదం కనుక కోలెస్కేబ్ (ఫ్రిజ్) కూడా ఎట్ పదమే.

3. కార్డు మీద తెలుగు ఉచ్చారణ రాయకండి

ఒక వైపు డేనిష్ అక్షరాల్లో పదం, రెండో వైపు తెలుగు అర్థం, అంతే. మేం ఇక్కడ తెలుగులో రాసినవి ఉజ్జాయింపు మాత్రమే. అచ్చుల తర్వాత వచ్చే మెత్తటి 'డ' మన చెవికి 'ల' లాగా ఉంటుంది: తిండిని mad అని రాసి 'మల్' అంటారు. నాలుక కొసను కింది పళ్ల వెనక ఆనించి పలకాలి. ఇంకొకటి స్టోల్, అంటే గొంతు ఒక్క క్షణం బిగబట్టి వదలడం. 'హున్' అని మామూలుగా అంటే ఆమె, గొంతు బిగిస్తే కుక్క. ఇది తెలుగు లిపిలో రాయడం కుదరదు. డెన్ డాన్స్కె ఓర్‌బౌ నిఘంటువు ఇంటర్నెట్‌లో ఉచితం. పదం లింగం చూపిస్తుంది, ఉచ్చారణ వినిపిస్తుంది. విని, పైకి అని, అప్పుడు కార్డు రాసుకోండి.

కార్డులను 1, 3, 7, 14 రోజుల ఎడంతో తిరగేయండి. తప్పినదాన్ని మళ్లీ మొదటి రోజుకి పంపాలి.

4. డాక్టరు, ఇల్లు, గడియారం

ఒంట్లో బాగాలేనప్పుడు 'యై హా ఓంట్ ఇ' అన్న ఒక్క చట్రం చాలు. మేవెన్ చేరిస్తే కడుపునొప్పి, హాల్సెన్ అంటే గొంతునొప్పి, రొగెన్ అంటే నడుంనొప్పి. 'నా కడుపు' అనక్కర్లేదు, అందుకే ఇవి చివర ఎన్ చేరిన రూపాల్లో ఉన్నాయి. అత్యవసరమైతే 112. కోపెన్‌హాగెన్ ఉన్న రాజధాని ప్రాంతంలో డాక్టరు క్లినిక్ మూసేశాక 1813.

చుట్టరికాలు మనవాళ్లకి తేలిక. మోర్‌మోర్ అంటే అమ్మకి అమ్మ, ఫార్‌మోర్ అంటే నాన్నకి అమ్మ, అచ్చం అమ్మమ్మ, నాన్నమ్మలే. ఫాస్టర్ మేనత్త, మోర్‌బ్రోర్ మేనమామ. మోస్టర్ దగ్గర మాత్రం పెద్దమ్మా పిన్నీ ఒక్కటైపోతారు.

దెబ్బతినేది అంకెల దగ్గర. 92ని 'టో ఒ హల్‌ఫెమ్స్' అంటారు, ముందు రెండు, తర్వాత తొంభై. 50 నుంచి 90 దాకా పదుల పేర్లు ఇరవైల లెక్కలో పుట్టాయి. ఆ లెక్క తవ్వుకోకుండా హల్‌ట్రాస్, ట్రాస్, హల్‌ఫ్యేర్స్, ఫీర్స్, హల్‌ఫెమ్స్ అని అయిదూ బట్టీ పట్టేయండి. డెన్మార్క్ ఫోన్ నంబర్లకు 8 అంకెలుంటాయి, రెండేసి చొప్పున చదువుతారు. సాధనకి వాటిని మించినవి లేవు. గడియారంలో 'హల్ ట్రే' అంటే మూడున్నర కాదు, రెండున్నర. మూడు వైపు సగం నడిచిందని. డాక్టరు అపాయింట్‌మెంట్ తప్పేది ఎక్కువగా ఇక్కడే.

5. వారం చివర అక్కడికే వెళ్లి వాడండి

కార్డులు ఇంట్లో పెట్టేసి దుకాణానికి వెళ్లండి. నోటికి రాని పదాలనే వచ్చే వారం జాబితాలో ముందు రాసుకోండి. మీరు తడబడగానే ఎదుటివాళ్లు ఇంగ్లీషులోకి మారిపోతారు, సాయం చేద్దామనే. అప్పుడు 'కాన్ వి టేలె డాన్స్క్?' అనండి. డేనిష్‌లో మాట్లాడుకుందామా అని అడగడం అది.