ఇంట్లో స్టోరేజ్, మీడియా సర్వర్ పెట్టుకునే ముందు: హార్డ్‌వేర్ కొనడంలో జాగ్రత్తలు

ఇంట్లో అందరి ఫోటోలు, వీడియోలు, స్కాన్ చేసిన కాగితాలు ఒకేచోట దాచుకుని, అక్కడి నుంచే టీవీలో సినిమాలు కూడా చూడాలనుకునేవాళ్లు చాలామంది ప్రాసెసర్ దగ్గర మొదలుపెడతారు. ఏ తరానిది, ఎన్ని కోర్లు అని వారాల తరబడి వెతుకుతారు. డ్రైవ్‌లు చివర్లో, మిగిలిన డబ్బుతో కొంటారు. పవర్ సప్లై పాత కంప్యూటర్‌లోంచి పీకి పెడతారు. బ్యాకప్ సంగతి తర్వాత చూద్దాంలే అనుకుంటారు. ప్రాసెసర్ చాలకపోతే సినిమా ఆగి ఆగి వస్తుంది, అంతే. మిగతా మూడింట్లో ఏది దెబ్బతిన్నా పోయేవి పిల్లల చిన్ననాటి ఫోటోలు, ఇప్పుడు మన మధ్య లేనివాళ్ల గొంతు ఉన్న వీడియోలు. అందుకే నేను ఈ వరుసను తిరగేసి బ్యాకప్ దగ్గరే మొదలుపెడుతున్నాను.

ముందుగా ఒక కాగితం మీద

మీ దగ్గరున్నదంతా రెండు కుప్పలుగా రాయండి. మొదటిది, పోతే మళ్లీ దొరకనివి: ఇంటి ఫోటోలు, వీడియోలు, ఆస్తి కాగితాల స్కాన్లు, మీరు రాసుకున్నవి. రెండోది, పోయినా కొంత శ్రమపడి తెచ్చుకోగలిగినవి: డిస్కుల నుంచి కాపీ చేసుకున్న సినిమాలు, ఇన్‌స్టాల్ ఫైళ్లు. లెక్క వేస్తే మొదటి కుప్ప మీరు అనుకున్నంత పెద్దది కాకపోవచ్చు. దానికి మాత్రం మూడు కాపీలు ఉండాలి. అవి రెండు రకాల పరికరాల మీద ఉండాలి, ఒకటి ఇంటి బయట ఉండాలి. ఫోటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 పద్ధతి ఇదే. రెండో కుప్పకు ఇంత అక్కర్లేదు. ఇలా విడదీసి చూస్తే బ్యాకప్ ఖర్చు చేతికందేలా ఉంటుంది.

రైడ్ (కొన్ని డ్రైవ్‌లను కలిపి, ఒకటి పాడైనా డేటా నిలిచేలా చేసే అమరిక) పెట్టుకుంటే బ్యాకప్ ఎందుకు అని అడిగేవాళ్లున్నారు. ఒక డ్రైవ్ పాడైనా సర్వర్ ఆగకుండా నడవాలి, రైడ్ పని అంతవరకే. ఎవరైనా పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేస్తే రెండు డ్రైవ్‌లలోనూ అదే క్షణంలో డిలీట్ అవుతుంది. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ర్యాన్సమ్‌వేర్ వస్తే రెండింటికీ తాళం వేస్తుంది. పవర్ సప్లై చెడి అన్ని డ్రైవ్‌లకూ ఎక్కువ వోల్టేజీ పంపితే అన్నీ ఒకేసారి పోతాయి. కాబట్టి మొదటి కుప్పకు సరిపోయే బ్యాకప్ డ్రైవ్ ధర ముందు పక్కన పెట్టి, మిగిలిన దానితోనే సర్వర్ గురించి ఆలోచించండి.

డ్రైవ్‌ల దగ్గరే ఎక్కువ జాగ్రత్త

హార్డ్ డ్రైవ్‌లలో డేటా రాసే పద్ధతులు రెండు. సీఎంఆర్‌లో ట్రాక్‌లు పక్కపక్కన విడివిడిగా ఉంటాయి. ఎస్ఎంఆర్‌లో పెంకుటింటి కప్పు మీద పెంకుల్లా ఒకదాని అంచు మీదికి ఇంకొకటి ఎక్కి ఉంటుంది. చోటు కలిసొస్తుంది కానీ మధ్యలో ఒకచోట మార్చాలంటే దాని మీదున్న ట్రాక్‌లన్నీ మళ్లీ రాయాలి. అప్పుడప్పుడు కాపీ చేసి పక్కన పెట్టే బ్యాకప్ డ్రైవ్‌కు ఇది ఫర్వాలేదు. రైడ్‌లో మాత్రం, పాడైన డ్రైవ్ స్థానంలో కొత్తది పెట్టి మొత్తం నింపేటప్పుడు వేగం బాగా పడిపోతుంది, కొన్నిసార్లు ఆ పని మధ్యలోనే విఫలమవుతుంది. 2020లో వెస్టర్న్ డిజిటల్ నాస్ (ఇంటి నెట్‌వర్క్‌కు తగిలించే స్టోరేజ్ పెట్టె) కోసమని అమ్మిన రెడ్ డ్రైవ్‌లలో 2 నుంచి 6 టీబీ వరకు ఉన్న కొన్ని మోడళ్లు ఎస్ఎంఆర్ అని, ఆ మాట ముందుగా చెప్పలేదని బయటపడింది. తర్వాత ఆ కంపెనీ సీఎంఆర్ వాటిని రెడ్ ప్లస్ అనే పేరుతో వేరు చేసింది. కాబట్టి పెట్టె మీద నాస్ అని ఉంటే చాలనుకోకండి. పూర్తి మోడల్ నంబర్ తీసుకుని తయారీదారు ఇచ్చే పట్టికలో సీఎంఆర్ అని ఉందో లేదో చూసుకోండి.

చోటు లెక్కలో కూడా ఒక తేడా ఉంది. 8 టీబీ డ్రైవ్ చాలా సిస్టమ్‌లలో సుమారు 7.27 గానే కనిపిస్తుంది. కంపెనీ వేయి చొప్పున లెక్కిస్తుంది, సిస్టమ్ 1024 చొప్పున లెక్కిస్తుంది. పైగా పూర్తిగా నిండేదాకా వాడకూడదు, కొంత ఖాళీ ఉంచాలి. ఇవి చూసుకోకుండా సరిగ్గా సరిపోయేంత కొంటే ఏడాదిలోనే మళ్లీ డ్రైవ్‌లు వెతుక్కోవాలి.

ఎన్ని డ్రైవ్‌లు? ఎక్కువ ఇళ్లకు రెండు పెద్ద డ్రైవ్‌లు, ఒకదానికొకటి నకలుగా, సరిపోతాయని నా అభిప్రాయం. కరెంటు తక్కువ, శబ్దం తక్కువ, ఒకటి పోతే ఏం చేయాలో ఇంట్లో ఎవరికైనా చెప్పొచ్చు. నాలుగైదు డ్రైవ్‌లు పెట్టి ఒక్కటి పోయినా తట్టుకునే రైడ్ 5 లాంటి అమరిక చేస్తే చోటు కలిసొస్తుంది. కానీ 16 టీబీ డ్రైవ్‌ను సెకనుకు 200 ఎంబీ వేగంతో ఆగకుండా నింపినా 22 గంటలు పడుతుంది. అంతసేపూ మిగతా పాత డ్రైవ్‌లన్నీ పూర్తి భారంతో నడుస్తుంటాయి. అప్పుడు ఇంకొకటి పోయిందా, మొత్తం పోయినట్టే. పెద్ద డ్రైవ్‌లు నాలుగు కంటే ఎక్కువ పెట్టేటట్టయితే రెండు పోయినా తట్టుకునే అమరికే ఎంచుకోండి. వీలైతే అన్నీ ఒకే రోజు, ఒకే బ్యాచ్‌లోవి కొనకండి. ఒకే లోపం ఉంటే అన్నింటికీ ఒకేసారి వస్తుంది.

వాడిన డ్రైవ్‌లు తక్కువ ధరకు వస్తాయి. అవి వాడినవని తెలిసి, దానికి తగ్గ ధరకు, వారంటీతో కొంటే తప్పులేదు. కొత్తవని చెప్పి పాతవి అంటగడితేనే ప్రమాదం. 2025 మొదట్లో సీగేట్ ఎక్సోస్ డ్రైవ్‌లు ఇలాగే బయటపడ్డాయి. వేల గంటలు తిరిగిన వాటిలో స్మార్ట్ లెక్కలు (డ్రైవ్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునేవి) చెరిపేసి కొత్తవాటిగా అమ్మారు. ఫార్మ్ అనే మరో లోపలి లాగ్‌లో మాత్రం అసలు గంటలు మిగిలిపోయాయి. స్మార్ట్ లెక్కలు చూపించే స్మార్ట్‌సీటీఎల్ అనే ప్రోగ్రామ్ కొత్త వెర్షన్లు ఆ లాగ్ చూపిస్తాయి. సీగేట్ డ్రైవ్ రాగానే ఈ రెండు లెక్కలూ పోల్చండి. సీరియల్ నంబర్‌తో తయారీదారు సైట్‌లో వారంటీ కూడా చూడండి. తిప్పి పంపే గడువు దాటకముందే ఇవన్నీ చేయాలి.

ఇక యూఎస్‌బీ పెట్టెల్లో డ్రైవ్‌లు పెట్టి వాటితో రైడ్ కట్టకండి. కనెక్షన్ ఒక్క క్షణం తెగినా డ్రైవ్ పోయిందనే సిస్టమ్ అనుకుంటుంది. యూఎస్‌బీ డ్రైవ్ బ్యాకప్‌కు బాగుంటుంది, అక్కడే వాడండి.

కరెంటు, కేబుళ్లు

ఎవరూ పట్టించుకోని భాగం ఇది. మాడ్యులర్ (కేబుళ్లు విడిగా ఊడదీసేలా ఉండే) పవర్ సప్లై మార్చినప్పుడు పాత కేబుళ్లు అలాగే ఉంచి కొత్తదానికి తగిలించడం పెద్ద పొరపాటు. డ్రైవ్ వైపు ప్లగ్ అన్నింటికీ ఒకటే. పవర్ సప్లై వైపు పిన్‌ల వరుస మాత్రం ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది, ఒకే కంపెనీలో మోడల్ మారినా మారవచ్చు. ప్లగ్ చక్కగా దిగుతుంది, స్విచ్ వేయగానే 5 వోల్టులు వెళ్లాల్సిన చోట 12 వోల్టులు వెళ్తాయి, డ్రైవ్‌లన్నీ ఒక్కసారిగా కాలిపోతాయి. పవర్ సప్లైతో పాటు వచ్చిన కేబుళ్లే వాడండి, మిగిలినవాటిని అదే పెట్టెలో పేరు రాసి దాచండి.

మోలెక్స్ (పాత రకం పవర్ ప్లగ్) నుంచి సాటాకు (ఇప్పటి డ్రైవ్‌ల ప్లగ్) మార్చే చవక అడాప్టర్లలో ప్లాస్టిక్‌ను కరిగించి పోతపోసిన రకం ఉంటుంది. లోపల వైర్లు దగ్గరికొచ్చి షార్టయి కాలిన ఘటనలు చాలా ఉన్నాయి. తప్పనిసరైతే వైర్లు విడివిడిగా నొక్కి బిగించిన రకమే తీసుకోండి. 3.5 అంగుళాల డ్రైవ్ తిరగడం మొదలుపెట్టే క్షణంలో 12 వోల్టుల లైన్ మీద సుమారు 2 ఆంపియర్లు లాగుతుంది, అంటే ఒక్కోదానికి 24 వాట్లు. ఆరు డ్రైవ్‌లకు 144. ఆ తర్వాత తగ్గిపోతుంది గానీ, ఒకే వైరుకు స్ప్లిటర్ మీద స్ప్లిటర్ తగిలిస్తే ఆ మొదటి క్షణమే ఇబ్బంది పెడుతుంది.

యూఎస్‌బీ పెట్టెల్లోంచి విప్పి తీసిన డ్రైవ్‌లు కొన్నిసార్లు అసలు ఆన్ కావు. సాటా పవర్ ప్లగ్‌లో మూడో పిన్ మీద 3.3 వోల్టులు కనిపిస్తే అవి ఆగిపోయేలా తయారయ్యాయి. డ్రైవ్ చచ్చిందని టెన్షన్ పడి వెనక్కి పంపేముందు ఇది చూసుకోండి.

సాటా కేబుళ్ల విషయంలో నా అనుభవం చెప్తాను. నా సర్వర్‌లో ఒక డ్రైవ్ మాటిమాటికీ తప్పులు చూపిస్తుంటే, అది పోయిందని కొత్తది కొన్నాను. కొత్తదానికీ అదే తప్పు. స్మార్ట్ లెక్కల్లో పెరుగుతున్నది 199వ వరుస ఒక్కటే. ఆ వరుస డ్రైవ్‌కూ బోర్డుకూ మధ్య దారిలో తేడా ఉందని చెప్పేది. కేబుల్ మార్చగానే ఆగిపోయింది. నిజంగా డ్రైవ్ పాడవుతుంటే 5, 197, 198 వరుసలు కదులుతాయి. ఈ నాలుగు అంకెలూ సర్వర్ పక్కన రాసి పెట్టుకోండి.

యూపీఎస్ విడి ఖర్చు కాదు, సర్వర్‌లో భాగమే అనుకోండి. రాస్తుండగా కరెంటు పోతే ఆ ఫైలే కాదు, ఏ ఫైలు ఎక్కడుందో సిస్టమ్ రాసుకునే లెక్కలు కూడా చెడొచ్చు. సర్వర్‌తో యూఎస్‌బీ ద్వారా మాట్లాడి, బ్యాటరీ అయిపోయేలోగా దాన్ని సవ్యంగా ఆపించే రకం కావాలి. నట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ జాబితాలో మోడల్ ఉంటే మంచిది.

బోర్డు, అదనపు కార్డులు

బోర్డులో ఆరు సాటా పోర్టులున్నాయని కొంటారు. కొన్ని బోర్డుల్లో ఎం.2 స్లాట్‌లో (చిన్న ఎస్ఎస్‌డీ నేరుగా దిగే చోటు) ఎస్ఎస్‌డీ పెట్టగానే వాటిలో ఒకటో రెండో పనిచేయవు. మాన్యువల్‌లో చిన్న అక్షరాల్లో ఉంటుంది, కొనకముందే చదవండి. పోర్టులు చాలకపోతే హెచ్‌బీఏ (అదనపు డ్రైవ్‌లు తగిలించే) కార్డు తీసుకోండి. జెడ్ఎఫ్ఎస్ (రైడ్ పని కూడా తానే చూసుకునే ఫైల్ సిస్టమ్) వాడేటట్టయితే అది డ్రైవ్‌లను ఉన్నవి ఉన్నట్టు చూపించే ఐటీ మోడ్‌లో ఉండాలి. హార్డ్‌వేర్ రైడ్ కార్డు డ్రైవ్‌లను తన వెనక దాచేస్తుంది. అది పాడైతే దాదాపు అలాంటి కార్డే వెతికి తేవాలి. సర్వర్ల కోసం చేసిన ఈ కార్డులు బాగా వేడెక్కుతాయి, వాటి మీదికి గాలి తగిలేలా చూడండి.

మెమరీకి 8 నుంచి 16 జీబీ చాలు. ఒక్కో టీబీకి ఒక జీబీ ఉండాలన్న మాట ఇంటి సర్వర్‌కు నియమం కాదు. ఈసీసీ (తప్పులు తానే సరిదిద్దుకునే మెమరీ) వీలైతే మంచిది, లేదని సర్వర్ కట్టడం ఆపక్కర్లేదు. డీడీఆర్5 మెమరీ అన్నింట్లోనూ ఈసీసీ ఉందని అమ్మేవాళ్లు చెప్పే మాట నమ్మకండి, చిప్ లోపల జరిగే సవరణ పూర్తి ఈసీసీతో సమానం కాదు.

సినిమాల కోసం

టీవీయే ఆ ఫైలును నేరుగా ఆడించగలిగితే సర్వర్‌కు ఫైలు పంపడం తప్ప పనే లేదు, పాత ప్రాసెసర్ అయినా చాలు. టీవీకి అర్థంకాని రకమైనా, బయట నుంచి ఫోన్‌లో తక్కువ నెట్‌తో చూసినా, బొమ్మల రూపంలో ఉండే సబ్‌టైటిళ్లు పెట్టినా, అప్పుడు సర్వర్ వీడియోను అప్పటికప్పుడు మార్చాలి. ఆ పనికి కోర్ల సంఖ్య కంటే ఇంటెల్ క్విక్ సింక్ లాంటి గ్రాఫిక్స్ భాగం ముఖ్యం. 10 బిట్ హెచ్ఈవీసీ (4కే సినిమాల్లో వాడే వీడియో రకం) కావాలంటే ఇంటెల్ 7వ తరం లేదా ఆ తర్వాతది, ఏవీ1 అనే కొత్త వీడియో రకం చదవాలంటే 11వ తరం నుంచి చూడండి. పేరు చివర ఎఫ్ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలో ఈ భాగం ఉండదు, తక్కువ ధర చూసి తీసుకోకండి. ఇంటెల్ ఎన్100 లాంటి చిన్న చిప్ ఒక ఇంటికి హాయిగా సరిపోతుంది, కాకపోతే దానికి డ్రైవ్‌లు, కార్డులు కలిపే దారులు తక్కువ, డ్రైవ్‌లు ఎక్కువ పెట్టలేరు. సర్వర్ నుంచి సినిమాలు చూపించే ప్రోగ్రామ్‌లలో, ప్లెక్స్‌లో హార్డ్‌వేర్‌తో మార్చాలంటే డబ్బు కట్టాలి, జెల్లీఫిన్‌లో అక్కర్లేదు.

నెట్‌వర్క్ గురించి అంత ఆలోచన వద్దు. మామూలు గిగాబిట్‌తో సెకనుకు 110 ఎంబీ దాకా వస్తుంది, 4కే బ్లూరే సినిమాకు అందులో చిన్న భాగం చాలు. అయితే చాలా టీవీల్లో లాన్ పోర్టు 100 మెగాబిట్లదే. పెద్ద ఫైలు వైరు మీద ఆగుతుంటే 5 గిగాహెర్ట్జ్ వైఫైతో చూడండి.

రెడీమేడ్ పెట్టె కొనేవాళ్లకు

అది తప్పేం కాదు, సమయం లేనివాళ్లకు అదే మంచిది. మూడు విషయాలు మాత్రం చూడండి. ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తారు? 2021 జూన్‌లో వెస్టర్న్ డిజిటల్ మై బుక్ లైవ్ పెట్టెలు వాడేవాళ్ల డేటా దూరం నుంచే చెరిగిపోయింది. దానికి 2015 తర్వాత అప్‌డేట్ రాలేదు. ఏ డ్రైవ్‌లు ఒప్పుకుంటుంది? నాస్ కంపెనీ సైనాలజీ 2025 ప్లస్ మోడళ్లకు తాము ఆమోదించిన డ్రైవ్‌లే పెట్టాలని షరతు విధించి, అదే ఏడాది అక్టోబర్‌లో సడలించింది. వీడియో మార్చే గ్రాఫిక్స్ ఉందా? పేరున్న మోడళ్లలో కూడా కొన్నింటికి లేదు. ఏదైనా సరే, రౌటర్‌లో పోర్టు తెరిచి నేరుగా ఇంటర్నెట్‌కు వదలకండి. 2022లో క్యూనాప్ కంపెనీ నాస్ పెట్టెలను డెడ్‌బోల్ట్ ర్యాన్సమ్‌వేర్ అలా దొరికినవాటినే పట్టింది. బయట నుంచి చూడాలంటే వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్ (ఇంటి నెట్‌వర్క్‌కు రహస్య దారి) వాడండి.

అంతా అమర్చాక

గాలి ఆడని అల్మారాలో పెట్టి తలుపు వేయకండి, డ్రైవ్‌ల వేడి 45 డిగ్రీలు దాటకుండా ఉంటే మంచిది. 50 వాట్లు తాగే సర్వర్ రోజుకు 1.2 యూనిట్లు, ఏడాదికి 438 యూనిట్లు ఖర్చు చేస్తుంది. పాత భారీ కంప్యూటర్ ఉచితంగా దొరికిందని సంబరపడేముందు ఈ లెక్క వేయండి.

డేటా పెట్టకముందే డ్రైవ్‌ను పరీక్షించండి. స్మార్ట్ లాంగ్ టెస్ట్, ఆ తర్వాత బ్యాడ్‌బ్లాక్స్ అనే ప్రోగ్రామ్‌తో మొత్తం రాసి చదివించడం. ఈ రాసే పరీక్ష డ్రైవ్ మీదున్నదంతా చెరిపేస్తుంది కాబట్టి ఖాళీ డ్రైవ్ మీదే చేయాలి. 8 టీబీకి కొన్ని రోజులు పట్టొచ్చు, ఓపిక పట్టండి. తర్వాత ఒక నెల మామూలుగా వాడుతూ పైన చెప్పిన నాలుగు అంకెలు చూస్తుండండి. నెల తర్వాత బ్యాకప్ డ్రైవ్‌ను వేరే కంప్యూటర్‌కు తగిలించి, ఏదో ఒక పాత ఏడాది ఫోల్డర్ వెనక్కి తెచ్చి, ఫోటోలు నిజంగా తెరుచుకుంటున్నాయో లేదో ఒక్కొక్కటీ చూడండి. ఆ రోజు దాకా ఫోన్లలో, పాత ల్యాప్‌టాప్‌లో ఉన్న అసలు ఫోటోలను ఒక్కటి కూడా డిలీట్ చేయకండి.