రోటరీ ఇంజను స్టార్ట్ కావట్లేదా? ముందు గాలి ఎటు పోతోందో చూడండి

ఒడిశా బరంపురంలో మా లేత్ షాపుకి ఏటా సంక్రాంతి దాటగానే ప్రాజెక్టు పిల్లలు రావడం మొదలవుతుంది. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ కాలేజీల వాళ్ళు. సగంమంది "భాయినా" అంటారు, సగంమంది "అన్నా" అంటారు. అందరి చేతిలోనూ స్టార్ట్ కాని ఇంజనే.

మామూలు పిస్టన్‌ది అందరూ చేస్తారు కదా అని వాంకెల్ రోటరీనో (పిస్టన్ బదులు మూడు మూలల రోటరు తిరిగేది), ఎదురెదురు పిస్టన్లదో (ఒకే సిలిండరులో రెండు పిస్టన్లు ఎదురెదురుగా కదిలేది) ఎంచుకుంటారు. డ్రాయింగ్ బాగానే ఉంటుంది, గొడవంతా సీలు, అంటే సందుల్లోంచి గాలి పోకుండా ఆపే పట్టీ దగ్గరే. గుండ్రటి పిస్టన్‌కి గుండ్రటి రింగు వేస్తే గాలి ఆగుతుంది. మూడు మూలల రోటరుకి ప్రతి మూలకీ, ప్రతి పక్కకీ వేరే సీలు కావాలి.

స్పార్క్ ఉంది, పెట్రోలు వస్తోంది, కానీ స్టార్ట్ కాదు

కార్బురేటర్ విప్పకండి. తొంభై పాళ్ళు కంప్రెషన్, అంటే లోపల గాలి నొక్కుడు లేకే. దాన్ని కొలవడానికి మామూలు గేజి పెడితే మోసపోతారు. రోటరుకి మూడు ముఖాలు, గేజి వాటిలో ఎక్కువ ఉన్నదాన్ని పట్టుకుని అక్కడే ఆగిపోతుంది. గేజిలోని చిన్న వాల్వు పిన్ను తీసేసి, ఇంజను తిప్పుతూ ముల్లుని చూడండి. షాఫ్టు మూడు చుట్లు తిరిగితే రోటరు ఒక చుట్టు తిరుగుతుంది. ఆ మూడు చుట్లలో ముల్లు మూడుసార్లు సమానంగా ఎగరాలి.

రెండు ఎగుళ్ళు తక్కువగా ఉంటే మూల సీలు, అంటే ఎపెక్స్ సీలు ఒకటి పోయినట్టు. ఎందుకంటే ఒక్కో మూల సీలు అటు ఇటు ఉన్న రెండు గదులకీ (రోటరు ముఖానికీ గోడకీ మధ్య ఖాళీలకి) కాపలా. ఒక్క ఎగురే తక్కువైతే ఆ ముఖం పక్క సీలుని అనుమానించండి. మూడూ తక్కువైతే హౌసింగ్, అంటే రోటరు తిరిగే పెట్టె లోపలి గోడ చూడాలి.

పోయిన సంవత్సరం ఒక ఇంజనులో సీలు విరగలేదు, అరగలేదు. గాడిలో తుప్పు పట్టి బిగుసుకుపోయింది, అంతే. కిరసనాయిలులో రాత్రంతా నానబెట్టి, వెదురు పుల్లతో మెల్లగా కదిపితే వచ్చింది. స్క్రూడ్రైవర్ మాత్రం వద్దు. తొందరలో నేనే ఒకసారి గాడి అంచు చెక్కేశాను, రోటరు మళ్ళీ చేసివ్వాల్సి వచ్చింది. సీలుని వేలితో నొక్కితే లోపలికి దిగాలి, వదలగానే స్ప్రింగు తన్ని పైకి రావాలి.

పది నిమిషాలు బాగా నడిచి, వేడెక్కగానే బలం తగ్గిపోతుంది

పిస్టన్ ఇంజనులో ఒకే సిలిండరు చల్లగాలినీ మంటనీ వంతులవారీగా చూస్తుంది. రోటరీలో అలా కాదు. గాలి లోపలికొచ్చే వైపు ఎప్పుడూ చల్లగా, మంట పుట్టే వైపు ఎప్పుడూ వేడిగా ఉంటుంది. దాంతో హౌసింగ్ వంకరపోతుంది, సీలు గోడని వదిలేస్తుంది. నీళ్ళు ముందుగా ప్లగ్గు వైపు తగిలేలా దారి పెట్టండి. బోల్టులన్నీ ఒకేసారి బిగించకుండా మూడు విడతల్లో, ఎదురెదురుగా బిగించండి.

లోపలి గోడ మీద అలల్లాంటి గీతలు

ఈ జబ్బు చాలా పాతది. జర్మనీ ఎన్‌ఎస్‌యూ కంపెనీ 1964లో మొదటి వాంకెల్ కారు అమ్మకానికి తెచ్చింది. అదే ఇంజను మీద పనిచేసిన జపాన్ మాజ్దా ఇంజనీర్లు ఈ గీతలకి "దయ్యం గోళ్ళ గీతలు" అని పేరు పెట్టారు. కెనిచి యమమోటో బృందం కారణం పట్టుకుంది: సీలు తన సొంత కంపనంతో ఎగిరెగిరి గోడని కొడుతోంది. సీలుకి అడ్డంగా, నిలువుగా బోలు చేసి ఆ కంపనాన్ని మార్చారు. తర్వాత అల్యూమినియం కలిపిన కార్బన్ సీలుతో 1967లో కాస్మో స్పోర్ట్ బయటికొచ్చింది. అదే ఏడాది వచ్చిన ఎన్‌ఎస్‌యూ ఆర్ఓ80కి మాత్రం సీళ్ళ వల్ల చాలా చెడ్డపేరు వచ్చింది.

మన దగ్గర అంత సరంజామా ఉండదు. పూత లేని అల్యూమినియం గోడ మీద గట్టి స్టీలు సీలు నడపకుండా ఉంటే చాలు. లీటరు పెట్రోలుకి 20 మిల్లీలీటర్ల టూ-స్ట్రోక్ ఆయిలు కలుపుతాం. పొగ వస్తుంది, రానివ్వండి.

సైలెన్సర్‌లో టపటపమని పేలుతుంది, పెట్రోలు కంపు

మంట గది పొడుగ్గా, పల్చగా ఉంటుంది. మంట చివరిదాకా వెళ్ళే లోపే రోటరు జరిగిపోతుంది. రెండో ప్లగ్గు పెట్టండి. 1991లో లె మాన్స్ కారు రేసు గెలిచిన మాజ్దా 787బిలో ఒక్కో రోటరుకి మూడు ప్లగ్గులున్నాయి.

ఎదురెదురు పిస్టన్ల ఇంజను ఒక్కసారి పేలి ఆగిపోతుంది

బ్లోయర్, అంటే గాలిని లోపలికి నెట్టే ఫ్యాను పెట్టారా? చాలామంది పెట్టరు. కాలిన పొగని బయటికి నెట్టేవాడు లేకపోతే రెండో పేలుడికి గాలి ఎక్కడిది? బ్లోయర్ ఉండి కూడా ఆగిపోతే, పొగ వైపు పిస్టన్ క్రాంకు రెండో పిస్టన్ క్రాంకు కంటే పదో పన్నెండో డిగ్రీలు ముందుందో లేదో చూడండి. రింగులు విరుగుతుంటే పోర్టుల (గాలి వచ్చే, పొగ పోయే సిలిండరు కన్నాల) అంచులు సన్న ఆకురాయితో వాలుగా రుద్దండి.

ఇక వానాకాలం. గోపాలపూర్ మాకు పదిహేను కిలోమీటర్లే, ఉప్పుగాలికి విడిగా ఉన్న ఇనుము రెండు రోజుల్లో ఎర్రబడుతుంది. సెలవులకి వెళ్ళేముందు ప్లగ్గు తీసి, రెండు చెంచాల ఆయిలు పోసి, షాఫ్టుని చేత్తో తిప్పండి. ఒక్క చుట్టు చాలదు, కనీసం మూడు. అప్పుడే మూడు సీళ్ళూ గోడంతా ఒకసారి తిరిగొస్తాయి.