అప్‌డేట్ క్వెరీకి ఎర్రర్ లేదు, డేటా మాత్రం మారలేదు

సీ షార్ప్‌లోనో వీబీ డాట్‌నెట్‌లోనో ఓఎల్‌ఈ‌డీబీ (ప్రోగ్రామ్‌ని డేటాబేస్‌కి కలిపే లైబ్రరీ) వాడి యాక్సెస్ డేటాబేస్ మీద అప్‌డేట్ నడిపారు. ఎర్రర్ రాలేదు. "సేవ్ అయింది" అని మెసేజ్ బాక్స్ కూడా వచ్చింది. టేబుల్ తెరిస్తే పాత డేటానే.

ముందు ఇది చూడండి

ఎగ్జిక్యూట్‌నాన్‌క్వెరీ (క్వెరీని నడిపే ఫంక్షన్) ఏ అంకె తిరిగి ఇచ్చింది? ఎన్ని వరుసలు మారాయో అదే చెబుతుంది. దాన్ని పట్టించుకోకుండా కింది లైన్లోనే "సేవ్ అయింది" అని రాసేసి, తర్వాత రోజంతా డేటాబేస్‌ని తిట్టేవాళ్లే ఎక్కువ.

1 వచ్చినా మార్పు కనబడకపోతే, ప్రోగ్రామ్ రాస్తున్నది బిల్డ్ చేసినప్పుడు తయారయ్యే బిన్ ఫోల్డర్‌లోని కాపీలో, మీరు తెరిచి చూస్తున్నది ప్రాజెక్ట్ ఫోల్డర్‌లోని ఫైల్‌ని అయివుండొచ్చు. ఆ ఫైల్‌కి 'కాపీ ఆల్వేస్' (ప్రతి బిల్డ్‌కీ ఆ కాపీ మీద మళ్లీ పాతది పెట్టేది) పెట్టి ఉంటే 'కాపీ ఇఫ్ న్యూయర్' చేయండి.

0 వస్తే

పారామీటర్ల (క్వెరీలోని ఖాళీల్లోకి మీరు పంపే విలువల) వరస చూడండి. ఓఎల్‌ఈ‌డీబీ మామూలు టెక్స్ట్ క్వెరీల్లో పారామీటర్ పేరు చూడదు. క్వెరీలో ఎట్ గుర్తుతో ఎంత చక్కటి పేరు పెట్టినా అంతే. బంతిలో కూర్చున్న వరసనే వడ్డించుకుపోయినట్టు, మీరు ముందు యాడ్ చేసిన విలువ మొదటి ఖాళీలోకి, తర్వాతది రెండోదాంట్లోకి పోతుంది.

ఉదాహరణకి, సరుకుల టేబుల్‌లో ధర, స్టాక్ మార్చాలి. క్వెరీలో సెట్ తర్వాత ధర, స్టాక్, చివర వేర్‌లో ఐడీ. కోడ్‌లో మాత్రం ఫంక్షన్‌కి ఐడీ ముందు వస్తుంది కాబట్టి దాన్నే ముందు యాడ్ చేశారు: ఐడీ 7, ధర 250, స్టాక్ 40. డేటాబేస్‌కి అర్థమైంది వేరు: ఐడీ 40 ఉన్న సరుకు ధర 7, స్టాక్ 250. 40వ నంబర్ సరుకు లేకపోతే 0 వస్తుంది, బతికిపోయినట్టే. ఉంటే 1 వస్తుంది, ఎవరికీ అనుమానం రాదు, ఇంకేదో సరుకు ఏడు రూపాయలకి బిల్లవుతుంది. మూడూ అంకెలే కాబట్టి టైప్ తేడా ఎర్రర్ కూడా రాదు.

"మరి ఇన్సర్ట్ బాగానే నడుస్తోందిగా?" అంటారు. ఇన్సర్ట్‌లో కాలమ్‌లు రాసిన వరసలోనే అందరూ విలువలు కూడా యాడ్ చేస్తారు, వేర్ ఉండదు. పేర్లు పనిచేస్తున్నాయన్న భ్రమ అక్కడే పుడుతుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ నుంచి వచ్చినవాళ్లకి ఇంకా కష్టం, ఎస్‌క్యూఎల్‌క్లయింట్ (దాని లైబ్రరీ) నిజంగానే పేరుతో కలుపుతుంది. అనుమానముంటే పనిచేస్తున్న ఇన్సర్ట్‌లో, యాడ్ చేసే లైన్లో పారామీటర్ పేరు ఏదో పిచ్చిదిగా మార్చి నడపండి. అయినా నడుస్తుంది.

సరిచేయడం

క్వెరీలో పేర్లు తీసేసి ప్రశ్నార్థకాలు పెట్టండి, భ్రమ పోతుంది. ఎడమ నుంచి కుడికి అవి వచ్చే వరసలోనే విలువలు యాడ్ చేయండి: సెట్‌వి ముందు, వేర్‌వి చివర. రేపు సెట్ మధ్యలో కొత్త కాలమ్ చేరిస్తే, యాడ్ లైన్ కూడా అదే చోట దూర్చాలి. చివర పడేస్తే మళ్లీ మొదటికే.

ఒరాకిల్ డేటాబేస్ లైబ్రరీ ఓడీపీ డాట్‌నెట్‌లోనూ మొదటి నుంచి ఉన్న పద్ధతి వరసే. అక్కడ బైండ్‌బైనేమ్‌ అనే సెట్టింగ్‌ని ట్రూ చేస్తే పేరుతో కలుస్తుంది. అలా చేయకుండా ఒకే పేరు క్వెరీలో రెండుచోట్ల వాడితే, విలువ కూడా రెండుసార్లు యాడ్ చేయాలి.

ఎర్రర్ వస్తే

"నో వాల్యూ గివెన్" అంటే చాలాసార్లు కాలమ్ పేరులో స్పెల్లింగ్ తప్పు. తెలియని పేరు కనబడితే యాక్సెస్ దాన్ని పారామీటర్ అనుకుంటుంది. "డేటా టైప్ మిస్‌మ్యాచ్" అంటే మళ్లీ వరసే చూడండి. వరస సరిగ్గా ఉండి తేదీ పంపుతుంటే, టైప్ చెప్పకుండా విలువ పంపే యాడ్‌విత్‌వాల్యూ మాని, టైప్‌ని ఓఎల్‌ఈ‌డీబీటైప్ డేట్ అని చెప్పండి. పాస్‌వర్డ్ లాంటి రిజర్వ్‌డ్ పేరున్న కాలమ్ దగ్గర సింటాక్స్ ఎర్రర్ వస్తే స్క్వేర్ బ్రాకెట్లు పెట్టండి. ఎర్రర్ లేకుండానే మార్పు నిలవకపోతే, ట్రాన్సాక్షన్ మీరే మొదలుపెట్టి ఉంటే కమిట్ (మార్పుల్ని ఖాయం చేసే ఆదేశం) ఉందో లేదో ఓసారి చూడండి. ఫైల్ లాక్ గురించి టెన్షన్ వద్దు, అదైతే ఎర్రర్‌తోనే వస్తుంది.