హెచ్‌వన్ సీజన్‌కి ముందు, డబ్బు తీసే ముందు

మార్చి దగ్గర పడితే తిరుపతిలో రెండు హడావిళ్లు. ఒకటి పిల్లల పరీక్షలు, రెండోది హెచ్‌వన్ (అమెరికా ఉద్యోగ వీసా) లాటరీకి పేరు వేసే రిజిస్ట్రేషన్. కొండకి మొక్కులూ అప్పుడే, కన్సల్టెన్సీల ఫోన్లూ అప్పుడే. ఆ ఫోన్లు ఎత్తే ముందు ఇది చదవండి.

2023లో మా పెద్దమ్మ కొడుకు కోసం నేనే దగ్గరుండి ఒక కన్సల్టెన్సీకి మూడు లక్షలు కట్టించాను. చిత్తూరు పక్కన ఉన్న తోతాపురి తోట కుదువ పెట్టి తెచ్చిన డబ్బు. నెల తర్వాత "పిక్ కాలేదు తమ్ముడూ" అన్నారు, అంటే లాటరీలో పేరు రాలేదని, అంతే. అసలు పేరు వేశారో లేదో ఇప్పటికీ తెలీదు. రిజిస్ట్రేషన్ కన్ఫర్మేషన్ కాపీ అడగాలని అప్పుడు నాకు తోచలేదు. ఆ ఏడాది ప్రభుత్వం తీసుకున్న రిజిస్ట్రేషన్ ఫీజు పది డాలర్లు! 2025 నుంచి అది 215 డాలర్లు అయింది.

హెచ్‌వన్‌లో స్పాన్సర్ అంటే ఉద్యోగం ఇచ్చే కంపెనీ. పిటిషన్ (వీసా కోసం అమెరికా ప్రభుత్వానికి పెట్టే దరఖాస్తు) వేసేది ఆ కంపెనీయే, మనం కాదు. అందులో ట్రైనింగ్ ఫీజు (కంపెనీ సైజుని బట్టి 750 లేదా 1,500 డాలర్లు) ఉద్యోగి దగ్గర వసూలు చేయడానికి చట్టం ఒప్పుకోదు. 500 డాలర్ల ఫ్రాడ్ ఫీజు కూడా కంపెనీదే. "ముందు మీరు కట్టండి, జీతంలో కలిపి ఇస్తాం" అన్నారంటే అక్కడే ఆగిపోండి.

ఇప్పుడు ఇంకో లెక్క ఉంది. 2025 సెప్టెంబర్ 21 నుంచి, అమెరికా బయట ఉన్న మనిషికి కొత్త పిటిషన్ వేస్తే కంపెనీ లక్ష డాలర్లు కట్టాలని ఉత్తర్వు వచ్చింది. అంటే ఎనభై లక్షల పైమాటే. తిరుపతిలో ఇంట్లో కూర్చున్న పిల్లవాడికి అంత పెట్టే కంపెనీ ఏది, ఎందుకు పెడుతుంది? ఐదారు లక్షలకి అంతా చూసుకుంటామనే వాళ్లని ఈ ఒక్క ప్రశ్న అడగండి, మాట మారుస్తారు. అది ఏడాది గడువుతో వచ్చిన ఉత్తర్వు కాబట్టి, మీరు అడుగు వేసే రోజుకి ఎలా ఉందో యూఎస్‌సీఐఎస్ (అమెరికా ఇమిగ్రేషన్ శాఖ) సైట్‌లోనే చూసుకోండి. వాట్సాప్ గ్రూపుల్లో కాదు.

"నాలుగు కంపెనీలతో వేయిస్తాం, ఛాన్స్ పెరుగుతుంది" అనేది పాత పాట. 2024 నుంచి ఎంపిక పాస్‌పోర్ట్ నంబర్ని బట్టి మనిషికి జరుగుతోంది. ఎన్ని కంపెనీలు వేసినా అవకాశం పెరగదు. అందుకే పాస్‌పోర్ట్ రెన్యువల్ ఉంటే రిజిస్ట్రేషన్‌కి ముందే తిరుపతి పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో చేయించుకోండి. మధ్యలో నంబర్ మారితే లేనిపోని వివరణలు. మన వైపు ఇంటిపేరు పొడి అక్షరంగానే మిగిలిపోతుంది కదా, అదీ సరిచేసుకోండి. సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసా మీద పేరు చోట ఎఫ్‌ఎన్‌యూ (పేరు తెలియదు అని) పడుతుంది.

పిక్ అయితే ఎల్‌సీఏ (కంపెనీ అమెరికా కార్మిక శాఖకి ఇచ్చే పత్రం) కాపీ అడిగి తీసుకోండి. జీతం ఎంత, పని ఏ ఊళ్లో అన్నది అందులో ఉంటుంది. అమెరికాలో దిగిన 30 రోజుల్లోపు జీతం మొదలవ్వాలి. ప్రాజెక్ట్ లేదని బెంచ్ మీద జీతం లేకుండా కూర్చోబెట్టడం చట్ట విరుద్ధం. బాండ్ మీద సంతకం పెట్టమంటే మాత్రం తొందరపడొద్దు. మధ్యలో మానేస్తే జరిమానా వేయకూడదు గానీ, నష్టపరిహారం పేరుతో కొంత అడగడానికి చట్టంలో దారి ఉంది. ఆ కాగితం లాయర్‌కి చూపించండి.

నర్సింగ్ చదివిన వాళ్ల ఇళ్లలో ఇంగ్లండ్ మాట ఎక్కువ కాబట్టి అదీ చెప్తాను. అక్కడ లైసెన్స్ ఉన్న స్పాన్సర్ల జాబితా బ్రిటన్ ప్రభుత్వ సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. కంపెనీ పేరు అందులో లేకపోతే ఇక మాట్లాడాల్సింది లేదు. ఉన్నా, ఆ కంపెనీకే నేరుగా మెయిల్ పెట్టి ఈ ఏజెంట్ మీ మనిషేనా అని అడగండి. కేర్ వర్కర్ ఉద్యోగాలకి బయటి దేశాల నుంచి కొత్తగా తీసుకోవడం 2025 జూలై 22తో ఆగిపోయింది. "కేర్ వీసా ఉందమ్మా, రెండు సీట్లే మిగిలాయి" అని ఎవరైనా ఇప్పుడు అంటే, ఆ అడ్వాన్స్ కోసం బ్యాంకులో పెట్టబోతున్న నగలు తిరిగి బీరువాలో పెట్టేయండి.