కొత్త కోచ్‌కి ఇదే మొదటి ఉద్యోగమైతే అభిమాని ఏం చేయాలి

తిరుపతి బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో నాది నైట్ డ్యూటీ. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా కౌంటర్. యూరప్ ఫుట్‌బాల్ పిచ్చి ఉన్నవాడికి ఇంతకంటే మంచి ఉద్యోగం దొరకదు. ఒకటిన్నరకి మొదలైన మ్యాచ్ అయిపోయేసరికి, అలిపిరి మెట్లెక్కాల్సినవాళ్లు వేడినీళ్లు రావట్లేదని కిందికి దిగుతుంటారు.

నాది లండన్ క్లబ్ ఆర్సెనల్. 2019 డిసెంబర్ 20న మికెల్ ఆర్టెటాని కోచ్‌గా పెట్టుకున్నారు. అప్పటిదాకా ఎక్కడా హెడ్ కోచ్‌గా చేయలేదు. ఆ రోజుల్లో నేను అరవాల్సిన అరుపులన్నీ అరిచాను, తప్పులన్నీ చేశాను. మీ టీమ్‌కీ అలాంటివాడే వస్తే పనికొస్తుందని ఇది రాస్తున్నా.

వార్త తెలిసిన రాత్రే మీ మనసులో మాట కాగితం మీద రాసి తేదీ వెయ్యండి. వాట్సాప్ గ్రూపులో వద్దు, అక్కడ రాసింది మర్నాటికే కిందికి పోతుంది. నేను మా పాత రిజిస్టర్ చివరి పేజీలో రాశాను. "గార్డియోలా పక్కన నిలబడినవాడు. ఆరు నెలలు కూడా ఉండడు." (గార్డియోలా అప్పటి మాంచెస్టర్ సిటీ కోచ్, ఆర్టెటా అతని అసిస్టెంట్.) గెస్టులకి రాసినట్టే, వచ్చిన టైమ్ గడిలో తేదీ వేశాను. ఖాళీ చేసిన టైమ్ గడి నింపే అవకాశం ఆరు నెలలకి రాలేదు, ఆరేళ్లకీ రాలేదు. ఆ పేజీ లేకపోతే "నేను మొదటి రోజే చెప్పాను కదా" అని అందరి దగ్గరా కోసేవాణ్ణి.

తర్వాత, ఆ మనిషి ఆటగాడిగా ఎంత గొప్పవాడో మర్చిపోండి. 2009లో న్యూకాజిల్ వాళ్లు తమ దేవుడు అలన్ షియరర్‌ని చివరి 8 మ్యాచ్‌ల కోసం పిలిచారు. ఒక్కటే గెలిచారు, కింది డివిజన్‌కి పడిపోయారు. 2020లో ఇటలీ క్లబ్ యువెంటస్ తన పాత స్టార్ ఆటగాడు పిర్లోని కుర్రాళ్ల టీమ్‌కని తీసుకుని, పట్టుమని పదిహేను రోజులు కాకుండానే పెద్ద టీమ్ చేతిలో పెట్టింది. వరసగా 9 ఏళ్లు గెలిచిన లీగ్ టైటిల్ ఆ సీజన్లోనే పోయింది.

చూడాల్సింది, ఇంతకుముందు రోజూ పొద్దున్నే లేచి ట్రైనింగ్ ఎవరితో చేయించాడు అని. గార్డియోలాకి బార్సిలోనా బి, జిదాన్‌కి రియల్ మాడ్రిడ్ కాస్టియా, చాబి అలోన్సోకి రియల్ సోసియెడాడ్ బి ఉన్నాయి, ఇవన్నీ స్పెయిన్ క్లబ్బుల రెండో జట్లు. ఆర్టెటా మాంచెస్టర్ సిటీలో మూడేళ్లకి పైగా అసిస్టెంట్. ఈ లెక్క ప్రతిసారీ కుదరదు. గ్యారీ నెవిల్ ఇంగ్లండ్ జట్టుకి అసిస్టెంట్‌గా చేసినవాడే, అయినా 2015 డిసెంబర్లో స్పెయిన్ క్లబ్ వలెన్సియాకి వెళ్లి నాలుగు నెలలు నిలవలేదు. మధ్యలో బార్సిలోనా చేతిలో 7-0. సీజన్ నడుమ, భాష సరిగ్గా రాని చోటికి పోతే అసిస్టెంట్ అనుభవం ఎంతని ఆదుకుంటుంది?

ఇంకో సంగతి. హెడ్ కోచ్ అంటే అన్నీ అతని చేతిలో ఉంటాయనుకోకండి. కౌంటర్లో నేనుంటాను, తిట్లు నేను తింటాను, గది రేటు మాత్రం ఓనర్ చెబుతాడు. ఆర్టెటాకి, ఆటగాళ్లని కొనడంలోనూ మాట ఉండే మేనేజర్ హోదా ఇచ్చింది 2020 సెప్టెంబర్లో. అంతకుముందు కొన్న ఆటగాళ్ల గురించి అతన్ని తిట్టినప్పుడల్లా నాకు మా ఓనర్ గుర్తొచ్చుండాల్సింది, రాలేదు.

అసలు పని మొదటి మ్యాచ్ నాడు. స్కోరు కాదు, ఒక ఆటగాణ్ణి పట్టుకుని అతన్నే చూడండి. ఆర్టెటా మొదటి మ్యాచ్ డిసెంబర్ 26న బోర్న్‌మత్‌తో, మనకి రాత్రి ఎనిమిదిన్నర. ఆ పొద్దున సూర్యగ్రహణం. కొండ మీద గుడి మూసేశారని, గ్రహణంలోనూ తెరిచి ఉండే శ్రీకాళహస్తికి పోయొచ్చినవాళ్లతో లాడ్జి కిటకిటలాడుతోంది. ఫోన్ బిల్లు పుస్తకానికి ఆనించి చూస్తున్నా. మా కుర్రాడు సాకా ఆ రోజు లెఫ్ట్ బ్యాక్, అంటే ఎడమవైపు డిఫెండర్. అతను పైకి ఉరికినప్పుడల్లా మిడ్‌ఫీల్డర్ గ్రానిట్ జాకా వెనక్కి జరిగి ఆ ఖాళీలో నిలబడుతున్నాడు. ఒకసారి కాదు, ప్రతిసారీ. గది తాళాలు కౌంటర్ మీద పరిచి మా రూమ్ బాయ్‌కి చూపించాను. 204 సాకా, 110 జాకా. ఇంతలో 204 వాళ్లు వచ్చి తాళం అడిగారు, మా లెఫ్ట్ బ్యాక్ వెళ్లిపోయాడు.

మ్యాచ్ 1-1. గ్రూపంతా ఏడుపు. కానీ వారం రోజుల్లో ఎవరో ఒకరికి ఒక పని నేర్పాడని నాకు తెలిసింది. కొత్త కోచ్ దగ్గర వెతకాల్సింది అదే. వరసగా అయిదారు మ్యాచ్‌ల్లో అలాంటిదేదీ కనబడకపోతే అప్పుడు టెన్షన్ పడండి. గార్డియోలా కూడా 2008లో బార్సిలోనా కోచ్‌గా మొదటి లీగ్ మ్యాచ్ నుమాన్సియా చేతిలో ఓడాడు, రెండోది డ్రా. ఆ సీజన్లోనే మూడు పెద్ద కప్పులూ ఎత్తాడు.

కప్పు వచ్చినా మోసపోకండి. 2020 ఆగస్టు 1న చెల్సీని 2-1తో ఓడించి ఇంగ్లండ్ నాకౌట్ కప్పు ఎఫ్ఏ కప్ గెలిచాం. సంబరంలో మా కెప్టెన్ ఒబామెయాంగ్ కప్పు కింద పడేసుకున్నాడు. తర్వాతి సీజన్లో లీగ్‌లో మళ్లీ 8వ స్థానమే.

ఇక చెడ్డ రోజులు. 2021 ఆగస్టులో మూడు మ్యాచ్‌లు ఆడి మూడూ ఓడాం. 9 గోల్స్ తిన్నాం, ఒక్కటీ కొట్టలేదు, పట్టికలో అట్టడుగు. బ్రెంట్‌ఫర్డ్ మ్యాచ్ మనకి రాత్రి పన్నెండున్నరకి. దూరం నుంచి విసిరిన త్రో ఒకటి పెనాల్టీ బాక్సులో పడితే రెండో గోల్ అయిపోయింది. నేను కౌంటర్ మీద కొట్టిన దెబ్బకి మెట్ల కింద నిద్రపోతున్న డ్రైవర్ లేచాడు. "పంపించెయ్యండి వీణ్ణి" అని టైప్ చేశాను, పంపలేదు. అలాంటి రాత్రి ముందు ఎవరెవరు ఆడలేదో చూడండి. ఆ రోజు మాకు గోల్స్ కొట్టే ఒబామెయాంగ్ లేడు, లకాజెట్ లేడు. ఆ సీజన్ 5వ స్థానంతో ముగిసింది, తర్వాత మూడేళ్లూ రెండోదే. రెండో స్థానం కూడా విసుగొస్తుందని అప్పుడే తెలిసింది.

ఎదుటి టీమ్ బంధువులతో డబ్బు పందెం కట్టకండి, కడితే తిండి పందెమే. చిత్తూరులో మా బావ చెల్సీ అభిమాని. "ఏం బామ్మర్దీ, మీవాడు ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాడా?" అని 2020 ఫైనల్ ముందు ఫోన్ చేసి, తానే రాగి సంగటీ నాటుకోడి పులుసూ పందెం కట్టాడు. ఓడాక కరోనా అన్నాడు, ఆ తర్వాత అక్కకి ఒంట్లో బాగాలేదన్నాడు. రిజిస్టర్లో అదే పేజీలో బావ బాకీ కూడా రాసి పెట్టాను.